బడి విడిచిన తరువాత: తెనాలి రచయితల జీవిత సాహిత్యాల్లో సాయంకాలపు చదువు

వ్యాససంగ్రహం

పిల్లలు బడి విడిచిన తరువాత సాగించే చదువును విద్యాశాస్త్రం మార్కుల దృష్టితోనూ, సాహిత్య విమర్శ బాలసాహిత్యం అనే ప్రక్రియ దృష్టితోనూ విడివిడిగా చూస్తూ వచ్చాయి. ఈ రెండింటినీ ఒక చోట చేర్చి, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో సాయంకాలపు చదువుకున్న చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చలం, కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి, శారద అనే నలుగురు రచయితల జీవితాలు, రచనలు ఇందుకు ప్రధాన ఆధారాలు. సాయంత్రం బడికి పొడిగింపుగా మారినప్పుడు పిల్లలు కోల్పోయేదేమిటి, బడే అందనప్పుడు సాయంత్రం ఒక్కటే ఎంతవరకు ఆదుకోగలదు అనే రెండు ప్రశ్నలను చర్చించి, నేటి సాయంకాల కార్యక్రమాలను అంచనా వేయడానికి కొన్ని ప్రమాణాలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రైవేటు, సాయంకాలపు చదువు, తెనాలి, చలం, కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి, చందమామ, శారద, గ్రంథాలయోద్యమం.

1. ఉపోద్ఘాతం

కోస్తా తెలుగులో 'ప్రైవేటు' అనే మాటకు నిఘంటువులు పట్టించుకోని ఒక అర్థం ఉంది. 'పిల్లవాడు ప్రైవేటుకు వెళ్లాడు', 'మాస్టారు ఇంటి దగ్గర ప్రైవేట్లు చెబుతారు' అనే వాక్యాల్లో అది విశేషణం కాదు, నామవాచకం. బడి గంట కొట్టిన తరువాత డబ్బు చెల్లించి మళ్లీ అదే పాఠం చెప్పించుకోవడం అని దాని అర్థం. తరువాతి కాలంలో ట్యూషన్, కోచింగ్, స్టడీ అవర్ అనే మాటలు వచ్చి చేరినా 'ప్రైవేటు' పూర్తిగా పోలేదు. ఒకరి సొంతానికి చెందినది, ఇతరులు జోక్యం చేసుకోరానిది అని మూలభాషలో అర్థమున్న పదం, పిల్లవాడి సొంత సమయాన్ని ఆక్రమించిన వ్యవస్థకు పేరుగా స్థిరపడింది. భాషలో జరిగిన ఈ మార్పు వెనుక ఒక సామాజిక మార్పు ఉంది. దాన్ని చదవడం విద్యాశాస్త్రానికి ఎంత అవసరమో సాహిత్య విమర్శకూ అంతే అవసరం.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. ఒకప్పుడు మూడూ గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలోకి వెళ్లగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. ఆధునిక తెలుగు సాహిత్యానికి ఈ ప్రాంతం ఇచ్చిన రచయితలు, నటులు, ప్రచురణకర్తలు ఎందరో. ఇక్కడి వ్యవసాయ సంపద, నాటక సమాజాలు, ముద్రణాలయాలు అందుకు కారణాలుగా తరచూ చెబుతారు. పిల్లలకు, యువకులకు ఇక్కడ దొరికిన 'బడి వెలుపలి వేళ' కూడా ఒక కారణమనే సంగతిని ఆ వివరణలు పక్కన పెట్టాయి. ఈ వ్యాసం ఆ వేళనే కేంద్రంగా తీసుకుంటుంది.

2. రెండు రకాల సాయంత్రాలు

అధ్యయన సౌలభ్యం కోసం సాయంకాలపు చదువును రెండుగా విభజించుకోవచ్చు. మొదటిది బడిని అనుసరించే చదువు. బడి పాఠ్యపుస్తకం, బడి పరీక్ష, బడి ర్యాంకు దీనికి ఆధారాలు. బడి మారితే ఇదీ మారుతుంది. మార్క్ బ్రే 1999లో యునెస్కో అనుబంధ సంస్థకు రాసిన గ్రంథంతో ఈ వ్యవస్థకు 'నీడ విద్య' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. వస్తువు ఆకారాన్ని బట్టే నీడ ఆకారం ఉంటుందన్నది ఆ పేరులోని సూచన. రెండవది బడితో నిమిత్తం లేని చదువు. గ్రంథాలయం, నాటక సమాజం, పత్రిక, రేడియో, భజన బృందం, ఇంటి అరుగు మీది పురాణ కాలక్షేపం దీని స్థలాలు. ఇక్కడ పాఠ్యక్రమం ఉండదు, హాజరు పట్టీ ఉండదు, ఉత్తీర్ణత ఉండదు.

మొదటి రకం నేడు ఎంత విస్తరించిందో జాతీయ నమూనా సర్వే 80వ ఆవృత్తంలో భాగంగా 2025లో జరిగిన విద్యా సర్వే చెబుతుంది. దేశం మొత్తం మీద 27 శాతం విద్యార్థులు ఆ విద్యా సంవత్సరంలో ప్రైవేటు శిక్షణ పొందారు. ఇది పట్టణాల్లో 30.7 శాతం, గ్రామాల్లో 25.5 శాతం. పట్టణానికీ గ్రామానికీ మధ్య తేడా అనుకున్నంత ఎక్కువగా లేకపోవడం గమనించదగినది. ప్రైవేటు ఇప్పుడు పట్టణ మధ్యతరగతి విలాసం కాదు, పల్లెటూరి ఇంటి ఖర్చుల్లోనూ ఒక పద్దు. పైగా ఈ ప్రాంతంలో చాలా ప్రైవేటు పాఠశాలలు స్టడీ అవర్ల పేరుతో సాయంత్రాన్ని బడిలోనే కలిపేసుకున్నాయి. రెసిడెన్షియల్ కళాశాలల్లోనైతే సాయంత్రం అనే భావనే లేదు.

రెండవ రకానికి లెక్కలు లేవు. దాని ఫలితాలు మాత్రం సాహిత్య చరిత్రలో ఉన్నాయి.

3. కుటుంబరావు 'చదువు': గుమ్మం ఇవతలి పాఠాలు

కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రినీ తల్లినీ కోల్పోయారు. తెనాలిలో పాఠశాల విద్య, గుంటూరులో ఇంటర్మీడియట్, విజయనగరంలో భౌతికశాస్త్రంలో పట్టభద్రత ముగించి బెనారస్‌లో ఎం.ఎస్సీ.లో చేరారు. ఆర్థిక మాంద్యం కారణంగా ఆ చదువు మధ్యలో ఆగింది. 1915 నుంచి 1935 వరకు గల ఇరవై ఏళ్ల కాలాన్ని చిత్రించిన ఆయన 'చదువు' నవలకు ఈ జీవితానుభవం పునాది.

'చదువు'ను సాధారణంగా వలసపాలనలోని విద్యావ్యవస్థపై విమర్శగా చదువుతారు. అక్షరాభ్యాసం మొదలు విశ్వవిద్యాలయం వరకు నడిచిన సుందరం చివరకు నిరుద్యోగిగా మిగలడం ఆ పఠనానికి బలమైన ఆధారమే. అయితే నవలా నిర్మాణాన్ని గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. సుందరం తరగతి మారినప్పుడల్లా రచయిత దృష్టి తరగతి గదిలో ఎక్కువసేపు నిలవదు. కుటుంబం, బంధువుల మాటలు, పెళ్లి, ఆస్తి, జాతీయోద్యమం, యుద్ధం, ధరలు, మాంద్యం నవలలోకి వస్తూ పోతూ ఉంటాయి. వీటిలో ఏదీ పాఠ్యాంశం కాదు. అయినా సుందరం వ్యక్తిత్వాన్ని తీర్చేవి ఇవే. నవలకు పేరు 'చదువు' అని పెట్టి, చదువు జరిగే చోటును బడి గుమ్మం ఇవతలకు జరపడం కుటుంబరావు చేసిన పని.

ఇందులో వ్యంగ్యం ఉంది, నిర్దయ కూడా ఉంది. బడి వెలుపలి జీవితాన్ని ఆయన స్వర్గంగా చూపలేదు. ఇంట్లో పిల్లవాడు నేర్చుకునే వాటిలో భయం, అసూయ, కులగౌరవం, డబ్బు పట్ల అతిజాగ్రత్త కూడా ఉంటాయని ఆయన రచనలన్నీ చెబుతాయి. బడి విడిచిన సమయం దానంతటదే మంచిది కాదు, అందులో ఎవరున్నారు, ఏం మాట్లాడుతున్నారు అన్నదాన్ని బట్టే దాని విలువ తేలుతుంది. పాత సాయంత్రాలను తలచుకుని నిట్టూర్చే వ్యాసాలకు 'చదువు' ముందుగానే సమాధానం చెప్పింది.

4. చలం 'బిడ్డల శిక్షణ': పెద్దల ఆత్రం

గుడిపాటి వెంకటచలం (1894–1979) బాల్యం తెనాలిలో, మాతామహుల ఇంట గడిచింది. తరువాత ఆయన ఉపాధ్యాయుడిగా, పాఠశాలల పర్యవేక్షణాధికారిగా ఉద్యోగం చేశారు. అంటే బడిని విద్యార్థిగా, ఉపాధ్యాయుడిగా, తనిఖీ అధికారిగా మూడు వైపుల నుంచీ చూసిన రచయిత ఆయన. 'బిడ్డల శిక్షణ' ఆ అనుభవంలోంచి పుట్టిన పుస్తకం. చలాన్ని స్త్రీ స్వేచ్ఛకు మాత్రమే పరిమితం చేసి చదివే అలవాటు వల్ల విద్యా విమర్శలో ఈ పుస్తకానికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

దండన, భయం, పెద్దల అధికారం పిల్లల మనస్సును ఎలా వంకర చేస్తాయన్నది అందులోని ప్రధానాంశం. ప్రస్తుత చర్చకు దానివల్ల ఒక ముఖ్యమైన పరికరం లభిస్తుంది. పిల్లల కోసం చేస్తున్నామనుకునే పనిలో పెద్దల అవసరం ఎంత ఉందో వేరు చేసి చూడమని చలం ఆలోచన మనలను ఒత్తిడి చేస్తుంది. బడి నాలుగు గంటలకు ముగిసి, తల్లిదండ్రులు ఏడు గంటలకు ఇల్లు చేరే కుటుంబంలో ప్రైవేటు ఒక కాపలా ఏర్పాటు కూడా. పక్కింటి పిల్లవాడు అబాకస్, సంగీతం, కరాటే తరగతులకు వెళుతున్నప్పుడు మన పిల్లవాడు వీధిలో ఆడుకోవడం తల్లిదండ్రులకు అవమానంగా తోచడం మరొక కారణం. ఈ అవసరాలు అబద్ధమైనవి కావు. కాని వాటిని పిల్లల వికాసం అనే పేరుతో పిలవడం మాత్రం అబద్ధం. సంగీతం కూడా గ్రేడు పరీక్షగా, చిత్రలేఖనం కూడా బహుమతి పత్రంగా మారినప్పుడు అవి పేరుకు కళలైనా స్వభావంలో నీడ విద్యలే.

5. చక్రపాణి, 'చందమామ': జవాబుకు మార్కులు లేని ప్రశ్న

తెనాలి పక్కనే ఉన్న ఐతానగరంలో 1908లో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావు జాతీయోద్యమ ప్రభావంతో బడి చదువు మానేశారు. హిందీ నేర్చుకున్నారు. ఆ గురువు ద్వారానే 'చక్రపాణి' అనే పేరు వచ్చింది. క్షయవ్యాధి చికిత్స కోసం మదనపల్లి శానిటోరియంలో ఉన్న రోజుల్లో ఒక సహరోగి సాయంతో బెంగాలీ నేర్చుకుని శరత్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చారు. 1947 జూలైలో బి. నాగిరెడ్డితో కలిసి 'చందమామ'ను ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించే వరకు కుటుంబరావు ఆ పత్రికకు సంపాదక బాధ్యత వహించారు. తెలుగు పిల్లల సాయంత్రాలను అర్ధశతాబ్దానికి పైగా ఏలిన పత్రిక వెనుక బడి మానేసిన తెనాలి కుర్రవాడొకరు, చదువు మధ్యలో ఆగిన తెనాలి కుర్రవాడొకరు ఉన్నారన్నమాట. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఆ పత్రిక స్వరూపంలో బడి లక్షణాలు ఎంత తక్కువగా ఉన్నాయో చూసినప్పుడు ఆ యాదృచ్ఛికతకు అర్థం ఏర్పడుతుంది.

బేతాళ కథలను ఉదాహరణగా తీసుకుందాం. ప్రతి కథ చివరా బేతాళుడు ఒక ప్రశ్న అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. విక్రమార్కుడు జవాబు చెప్పేలోపు ఒక్క క్షణం పాఠకుడైన పిల్లవాడికి దొరుకుతుంది. ఆ క్షణంలో వాడు తన జవాబు వెతుక్కుంటాడు. రాజు జవాబుతో అది కలిస్తే సంతోషం, కలవకపోతే తర్కం. రెండింటికీ మార్కులు లేవు. అంతకంటే విశేషం, సరైన జవాబు చెప్పగానే రాజుకు మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. అంటే సరైన జవాబుకు దొరికే ఫలితం కథ కొనసాగడమే. పరీక్షా విధానంలో సరైన జవాబుతో ప్రశ్న ముగిసిపోతుంది. బేతాళ కథలో సరైన జవాబు వల్లనే తరువాతి ప్రశ్న పుడుతుంది. జ్ఞానం పట్ల ఈ రెండు వైఖరులకూ మధ్య ఉన్న దూరమే రెండు రకాల సాయంత్రాల మధ్య ఉన్న దూరం. పాఠకుల చేత రెండు ఫోటోలకు జంటగా వ్యాఖ్యలు రాయించిన పోటీ కూడా ఇదే ధోరణికి చెందింది. అక్కడ ఒకే సరైన జవాబు లేదు, మెరుగైన ఊహ మాత్రమే ఉంది.

'చందమామ' ఒంటరిగా ఈ పని చేయలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ఆకాశవాణిలో పిల్లల చేతనే కార్యక్రమాలు చేయించారు. 1945లో 'బాల' పత్రికను నడపడం ప్రారంభించారు. ఈ కృషిలో పిల్లవాడు శ్రోతగా మిగలకుండా పాడేవాడు, నటించేవాడు, రాసేవాడు అయ్యాడు.

6. శారద: సాయంత్రం ఒక్కటే మిగిలినవాడు

పై ఉదాహరణలు బడి వెలుపలి చదువు పట్ల మనకు ఉత్సాహం కలిగిస్తాయి. ఆ ఉత్సాహాన్ని అదుపు చేసే జీవితం శారదది. ఎస్. నటరాజన్ తమిళదేశం నుంచి 1937లో, ఇంకా బాలుడిగా ఉన్నప్పుడే, తెనాలి వచ్చారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. హోటలు పనిలో కుదిరి, పని వేళల మధ్య, పని ముగిశాక తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నారు. 'శారద' అనే కలం పేరుతో కథలు, 'ఏది సత్యం', 'మంచీ చెడూ', 'అపస్వరాలు' నవలలు రాశారు. మూర్ఛరోగంతో, పేదరికంతో బాధపడుతూ 1955లో, ముప్పై ఏళ్ల ప్రాయంలో మరణించారు. ఆయన మిత్రుడు, తానూ హోటలు కార్మికుడే అయిన ఆలూరి భుజంగరావు రాసిన 'సాహిత్య బాటసారి శారద' ఈ జీవితానికి సన్నిహిత సాక్ష్యం.

శారద ప్రతిభను కీర్తించే వ్యాసాలు తెలుగులో తగినన్ని ఉన్నాయి. హోటల్లో కప్పులు అందిస్తూ నవలాకారుడైన మనిషిగా ఆయనను చూపి, పట్టుదల ఉంటే బడి అక్కర్లేదనే నీతిని తీయడం వాటిలో ఒక మామూలు పద్ధతి. ఈ పఠనాన్ని ప్రశ్నించవలసి ఉంది. శారదకు సాయంత్రం దొరికింది, కాని అది బడి తరువాతి సాయంత్రం కాదు, కూలి తరువాతి సాయంత్రం. ఆయన చదువుకు తోడ్పడింది తెనాలి పట్టణపు సాహిత్య వాతావరణం. పుస్తకాలు దొరికే చోట్లు, చర్చించే మిత్రులు, రచనలు వేసే పత్రికలు ఉన్నాయి. కాని అదే పట్టణం ఆయనకు వైద్యాన్ని, తీరికను, నిలకడైన జీవికను ఇవ్వలేకపోయింది. ఆయన నవలల్లో డబ్బు మనుషుల మధ్య సంబంధాలను ఎలా చెడగొడుతుందో పదే పదే కనిపించడానికి కారణం ఇదే. పట్టణాన్ని కింది నుంచి చూసినవాడి పరిజ్ఞానం అది, ఏ పాఠశాలా ఇవ్వనిది. అలాగని ఆ పరిజ్ఞానం కోసం ఒక బాలుడు చెల్లించిన మూల్యాన్ని సమర్థించడానికి వీల్లేదు.

కుటుంబరావు నవల బడి ఒక్కటే చాలదని చెబితే, శారద జీవితం సాయంత్రం ఒక్కటే చాలదని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే తెనాలి అనుభవం పూర్తిగా అర్థమవుతుంది.

7. కాలువ మీది గ్రంథాలయం: వ్యక్తి నుంచి వ్యవస్థకు

చక్రపాణి, శారదల వంటి అసాధారణ వ్యక్తులను ప్రమాణంగా తీసుకుని విధానాలు రూపొందించలేము. సామాన్యుడైన పిల్లవాడికి సాయంత్రాన్ని అందించిన వ్యవస్థ ఏదైనా ఉందా అంటే, గ్రంథాలయోద్యమం అని జవాబు చెప్పుకోవాలి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం పోశారు. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉంది. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవ గ్రంథాలయాన్ని నడిపించారు.

పడవ గ్రంథాలయం ఒక చక్కని ముచ్చటగా చరిత్ర పుస్తకాల్లో మిగిలిపోయింది. దానిలోని విద్యాసూత్రాన్ని గమనించాలి. ఆనాడు కాలువ ఈ ప్రాంతపు ప్రధాన రవాణా మార్గం. ధాన్యం, మనుషులు ప్రయాణించే దారిలోనే పుస్తకాన్నీ ప్రయాణింపజేశారు. చదువరిని పుస్తకం దగ్గరకు రప్పించకుండా పుస్తకాన్నే చదువరి దగ్గరకు పంపారు. తీసుకునే పుస్తకాన్ని నిర్ణయించేది చదువరి. ఈ ఎంపికే నేటి సాయంకాల తరగతుల్లో కరవైన అంశం.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలకు, గ్రంథాలయ పన్నుకు వీలు కల్పించింది. ఉద్యమం వ్యవస్థగా మారింది. శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతున్నాయి. అయితే వేసవిలో పిల్లలను ఆహ్వానించే ఆ గ్రంథాలయాల్లోనే మిగతా ఏడాదంతా సాయంత్రపు బల్లల మీద పోటీపరీక్షల పుస్తకాలు పరచుకుని ఉంటాయి. ఉద్యోగార్థికి ఆ చోటు దొరకడం మంచిదే. కాని పదేళ్ల పిల్లవాడు కూర్చోవడానికి ఒక మూల కూడా మిగలకపోతే, నీడ విద్య గ్రంథాలయాన్ని కూడా ఆక్రమించిందని అనుకోవాలి.

8. ఎవరి సాయంత్రం?

పై చర్చకు రెండు గట్టి అభ్యంతరాలు ఎదురవుతాయి.

మొదటిది బాలికల గురించి. ఈ వ్యాసం ఆధారం చేసుకున్న రచయితలు నలుగురూ పురుషులు. బడి వెలుపల తిరగడం, గ్రంథాలయంలో పొద్దుపోయేదాకా కూర్చోవడం, హోటలు బల్ల దగ్గర సాహిత్య చర్చ చేయడం, నాటకం చూసి అర్ధరాత్రి ఇల్లు చేరడం అప్పటి బాలికకు సాధ్యమైన పనులు కావు. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామవిలాస సభ రంగస్థలం మీద ఖ్యాతి పొందిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలకే ప్రసిద్ధులు. రంగస్థలం మీద స్త్రీ పాత్ర ఉంది, దాన్ని అభ్యసించే అవకాశం మాత్రం ఎక్కువగా పురుషుడిది. ఈ దృష్టితో చూస్తే ఇంటికే నడిచి వచ్చిన 'చందమామ'కు, రేడియోకు అదనపు ప్రాముఖ్యం ఏర్పడుతుంది. గడప దాటలేని పిల్లకు అవి గడప లోపలికి వచ్చిన సాయంత్రాలు. నేటికీ ఇంటి పనిలో, తమ్ముళ్ల పెంపకంలో సాయంత్రాన్ని పోగొట్టుకునే బాలికకు ప్రైవేటు ఒక్కటే ఇల్లు కదలడానికి ఆమోదయోగ్యమైన సాకు కావచ్చు. ప్రైవేటును ఖండించే విమర్శ ఈ సంగతిని మరచిపోరాదు.

రెండవది మొదటితరం విద్యార్థుల గురించి. రేపల్లె నుంచి దక్షిణంగా వెళితే నిజాంపట్నం తీరప్రాంతం. చేపలవేట, రొయ్యల చెరువులు, వ్యవసాయ కూలి అక్కడి జీవనాధారాలు. ఇంట్లో హోంవర్కు చెప్పగలవారు లేని పిల్లవాడికి ప్రైవేటు మాస్టారే మొదటి ఆసరా. గ్రంథాలయానికి వెళ్లి నచ్చిన పుస్తకం చదువుకోమని వాడికి చెప్పడం చదువుకున్న కుటుంబాల వారి సౌఖ్యంలోంచి వచ్చే సలహా అవుతుంది. తెనాలి నుంచి రేపల్లెకు రైలుమార్గం ఉన్నా, తెనాలిలో పేరుకున్న పుస్తకాలు, సభలు, పత్రికలు ఆ దారిన అంత సులువుగా ప్రయాణించలేదు.

ఈ అభ్యంతరాలు న్యాయమైనవి. అయితే అవి ప్రైవేటును సమర్థించడం కంటే బడి బాధ్యతనే ఎక్కువగా గుర్తుచేస్తాయి. చదవడం, రాయడం, లెక్కలు రావడం బడివేళల్లోనే జరగవలసిన పనులు. అవి అక్కడ జరగనప్పుడు పేద పిల్లవాడి సాయంత్రం బడి అప్పు తీర్చడానికి ఖర్చవుతుంది. అప్పు లేని పిల్లవాడి సాయంత్రం సంగీతానికో, ఆటకో, కథకో మిగులుతుంది. అసమానత ఇప్పుడు మార్కుల్లో కంటే తీరికలో ఎక్కువగా కనిపిస్తోంది.

9. నిషేధాల పరిమితి

ఈ సమస్యను చట్టంతో పరిష్కరించే ప్రయత్నాలు పలుచోట్ల జరిగాయి. దక్షిణ కొరియా 1980లో ప్రైవేటు బోధనను నిషేధించింది. ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2000లో తీర్పు ఇచ్చింది. తరువాత సియోల్‌లో రాత్రి పది తరువాత శిక్షణ కేంద్రాలు నడపరాదనే నియమం అమలు చేశారు. చైనా 2021లో పాఠశాల స్థాయి ప్రైవేటు శిక్షణను తీవ్రంగా కట్టడి చేసింది. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులు ప్రైవేట్లు చెప్పరాదని నిర్దేశించింది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పదహారేళ్లలోపు పిల్లలను కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోరాదని మార్గదర్శకాలు ఇచ్చింది.

ఈ చర్యలన్నింటిలోనూ సాయంత్రం అంటే శిక్షణ లేని ఖాళీ అనే ఊహ ఉంది. ఖాళీ చేసిన సాయంత్రంలోకి ఏది రావాలన్న ఆలోచన వాటిలో బలంగా లేదు. పరీక్ష అలాగే ఉండి, గ్రంథాలయం మూతపడి, ఆటస్థలం మాయమైనచోట తలుపు మూసిన కోచింగ్ మరో తలుపు గుండా వస్తుంది, లేదా చరవాణి తెర మీదికి చేరుతుంది.

10. విమర్శకు కొన్ని ప్రమాణాలు

తెనాలి రచయితల అనుభవం నుంచి, పిల్లలకోసం సాయంత్రం నడిపే ఏ కార్యక్రమాన్నైనా పరీక్షించడానికి నాలుగు ప్రశ్నలను రూపొందించవచ్చు.

మొదటిది, ఎంపిక. పుస్తకాన్ని, పనిని, విడిచిపెట్టే హక్కును పిల్లలకు ఇస్తున్నారా? పడవ గ్రంథాలయం ఇచ్చింది అదే.

రెండవది, ప్రశ్న స్వభావం. అడిగే ప్రశ్న సరైన జవాబుతో ముగిసిపోతుందా, మరో కథకు దారి తీస్తుందా? బేతాళ కథలు ఇక్కడ కొలబద్ద.

మూడవది, పెద్దల అవసరం. కార్యక్రమంలో కాపలా, పరువు, పోటీ అనే పెద్దల అవసరాలు ఎంతవరకు ఉన్నాయో నిజాయితీగా చెప్పుకుంటున్నారా? చలం అడిగే ప్రశ్న ఇది.

నాలుగవది, గైర్హాజరైనవారు. సాయంత్రం రాలేని పిల్లలెవరు, ఎందుకు రాలేకపోయారు? శారద జీవితం ఈ ప్రశ్నను విడిచిపెట్టనివ్వదు.

పరిశోధకులకు ఇందులో చేయవలసిన పని చాలా ఉంది. తెలుగులో బాలసాహిత్య పరిశోధన ఎక్కువగా రచయితల జాబితాలు, వస్తు వర్గీకరణ, నీతిబోధ చుట్టూ తిరిగింది. పిల్లలు ఆ సాహిత్యాన్ని ఏ వేళ, ఎక్కడ కూర్చుని, ఎవరి కంటపడకుండా చదివారన్న పఠన చరిత్ర ఇంకా రాయవలసే ఉంది. శాఖా గ్రంథాలయాల ఎరువు రిజిస్టర్లు, రచయితల ఆత్మకథలు, పత్రికల్లోని పాఠకుల ఉత్తరాలు, నేడు అరవై, డెబ్బై ఏళ్ల వయసులో ఉన్న పాఠకుల జ్ఞాపకాలు అందుకు ఆకరాలు. రిజిస్టర్లు చెదలు పట్టకముందే, ఆ తరం ఉండగానే ఈ పని జరగాలి.

11. ముగింపు

1. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో బడి వెలుపలి చదువుకు రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి బడిని అనుకరించే ప్రైవేటు, మరొకటి గ్రంథాలయం, పత్రిక, రంగస్థలం చుట్టూ పెరిగిన స్వేచ్ఛా పఠనం. మొదటిది విస్తరించిన కొద్దీ రెండవది కుంచించుకుపోయింది.

2. కుటుంబరావు 'చదువు' బడి అసంపూర్ణతను, శారద జీవితం బడిలేనితనం తెచ్చే నష్టాన్ని చూపుతాయి. ఒకదాన్ని విడిచి మరొకదాన్ని చదివితే ఏకపక్ష నిర్ణయాలకు వస్తాం.

3. 'చందమామ' సాధించింది పిల్లలకు వినోదం ఇవ్వడం మాత్రమే కాదు. జవాబును పరీక్ష నుంచి విడదీసి ఆలోచనతో కలిపింది. ఇంటి గడప దాటలేని బాలికలకు కూడా ఆ అనుభవాన్ని చేర్చింది.

4. నేటి విద్యా అసమానతలో తీరిక ఒక ప్రధానాంశం. పేద పిల్లలకు బడివేళల్లోనే మౌలిక చదువు అందితే తప్ప వారి సాయంత్రం వారికి మిగలదు.

5. కొత్త సాయంకాల కార్యక్రమాలకు పెట్టే ఖర్చులో కొంత భాగమైనా శాఖా గ్రంథాలయంలో పిల్లల బల్లకు, ఆ బల్ల దగ్గర కూర్చుని కథ చదివి వినిపించే ఒక మనిషికి కేటాయించడం ఈ ప్రాంతపు చరిత్ర సూచించే మార్గం. పడవ నడిపిన కాలువలు ఇంకా ఇక్కడే పారుతున్నాయి. వాటి వెంట ఉన్న ఊళ్లలో బడి విడిచే గంట ఈనాటికీ సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలోనే మోగుతుంది. ఆ తరువాతి వేళ ఎవరిదో తేల్చడం ఆ ఊళ్లలోని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, గ్రంథపాలకులు కలిసి చేయవలసిన పని.